నా కండబలం, మా ట్రాక్టరు ఫిల్టరు

వాన కోసం ఏడాది పొడుగునా ఆకాశం వైపు చూసే మా ఊళ్లో, వాన పడిన రోజే ఇంటి ట్రాక్టరును పడకేయించిన మనిషి ఒకడున్నాడు. అది నేనే. ఈ సంగతి నలుగురికీ చెప్పుకోవడానికి సిగ్గుపడాలని మా ఆవిడ అంటుంది. నాకైతే, నిజం చెప్పొద్దూ, కొంచెం గర్వంగానే ఉంటుంది. తప్పులు అందరూ చేస్తారు. కానీ ఒకే తప్పును పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా, ఒళ్లు హూనం చేసుకుని, సాయానికి ఇంకో మనిషిని కూడా పిలుచుకుని మరీ చేసినవాణ్ణి మీరు ఇంకొకణ్ణి చూపించండి. ఈ కథ ఇక్కడే ఆపేస్తాను.

చూపించలేరు గదా. అయితే వినండి.

మాది కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లె. ఆరెకరాల ఎర్రనేల, ఒక పాత ట్రాక్టరు, ఒక విత్తనాల గొర్రు మా ఆస్తి. అప్పటికి నాకు పెళ్లయి రెండేళ్లు. డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క, నాయనకు సేద్యంలో తోడుగా ఉన్నానని చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. నాయన మాత్రం తనకు తోడుగా ఉన్నది ట్రాక్టరని చెప్పేవాడు.

ఆ ఏడు జూన్ అంతా ఎండగట్టింది. జూలైలో ఒక తెల్లవారుజామున పడింది చూడండి వాన, నాయన వాకిట్లో నిలబడి తలమీద తువ్వాలు కూడా వేసుకోకుండా తడిశాడు. మా దగ్గర వాన అంటే పండగ కాదు, పరుగు. నేల పదును రెండు రోజులుంటుంది. పడమటి గాలి తోలిందంటే అది కూడా ఉండదు. ఆ లోపల విత్తనం పడిందా, పంట. పడలేదా, మళ్లీ ఆకాశం వైపు చూడ్డమే. ఆ రోజుకు చేలో బురద, ట్రాక్టరు దిగదు. మరునాడు పొద్దున్నే విత్తాలి. నాయన అప్పుడే వేరుశనగ విత్తనాలను అరుగు మీద పోసి మందు పట్టించడం మొదలుపెట్టాడు.

అంటే నా చేతిలో ఒక రోజంతా ఖాళీగా ఉంది. నాలాంటివాడికి ఖాళీ ఇవ్వకూడదు. ట్రాక్టరుకు ఇంజను ఆయిలు మార్చే గడువు ఎప్పుడో దాటిపోయింది. కొత్త ఆయిలు డబ్బా, కొత్త ఫిల్టరు ఇంట్లోనే ఉన్నాయి. పైగా ముందు రోజే ఫోనులో ఒక వీడియో చూశాను. అందులో తెల్ల గ్లౌజులు తొడుక్కున్న ఒకాయన, నవ్వుతూ, రెండు వేళ్లతో ఫిల్టరును తిప్పి తీసేశాడు. ఆయనకే అంత సులువైతే నాకెంత అనుకున్నాను.

విత్తనం అయినంక చూద్దాంలే అన్నాడు నాయన. నల్లబడిన ఆయిలుతో విత్తితే నడి చేలో ఇంజను పట్టేస్తుందని భయపెట్టాను. నాయన చేతులకు అంటిన మందు దులుపుకుంటూ ఒక్క మాటే అడిగాడు.

"మాపిటికల్లా అయితాదా?"

"మాపిటి దాకా యాల నాయనా, గంట చాలు."

ఆ గంట గురించే ఈ కథ.

పాత ఆయిలు వదలడం దాకా బాగానే నడిచింది. ఇంజను కింద తొట్టి పెట్టి, బోల్టు విప్పి, నల్లటి ఆయిలంతా కారిపోయేదాకా చేతులు నడుముకు పెట్టుకుని నిలబడ్డాను. నిలబడ్డానంటే ఎలా అనుకుంటున్నారు, ఊళ్లోవాళ్లు చూడాలన్నట్టు. తర్వాత ఫిల్టరు దగ్గరికొచ్చాను. ఫిల్టరంటే ఒక రేకు డబ్బా. మా ట్రాక్టరుకు అది ఇంజను పక్కన, కింది నుంచి మరలోకి తిప్పి బిగించి, వేలాడుతూ ఉంటుంది. నేను ముందు ఇరుసు మీద ఎక్కి, ఇంజను మీదుగా వంగి, చెయ్యి కిందికి పెట్టి, దాన్ని ఎడమ వైపు తిప్పాను.

కదల్లేదు. గుడ్డ చుట్టి తిప్పాను. కదల్లేదు. పెళ్లిలో అత్తగారివాళ్లు పెట్టిన బెల్టు తెచ్చి, డబ్బాకు చుట్టి, పళ్లు బిగబట్టి లాగాను. బెల్టు తెగి, నేను వెనక్కి పడ్డాను. లోపల్నుంచి మా ఆవిడ రాధ వచ్చి చూసి, మెకానిక్కుకు ఫోను చేయమంది. చేశాను. అందరి ట్రాక్టర్లూ తన ముందే ఉన్నాయని, ఎల్లుండి గానీ రాలేనని అన్నాడు. ఎల్లుండికి మా చేలో పదును ఉండదు. పర్వాలేదు, నేనే తీస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. ఆ మాట చెప్పినప్పుడు గొంతు ఎంత నిబ్బరంగా ఉందో మీరు వినాల్సింది.

అప్పుడు నాకు ఓబులేసన్న గుర్తొచ్చాడు. ఓబులేసన్న బోర్ల పని చేసే మనిషి. బోరులో మోటరు కాలిపోతే ఎన్ని వందల అడుగుల లోతున్నా పైపులన్నీ పైకి లాగి, ఒక్కొక్కటే తిప్పి ఊడదీసేవాడు. తుప్పు పట్టి ఒకటైపోయిన పైపులు కూడా ఆయన చేతిలో విడిపోయేవి. వీధి చివరే ఇల్లు. విషయం చెప్పగానే, మూరెడు పొడవున్న పైపు పానా భుజాన వేసుకుని వచ్చాడు. ఫిల్టరు వైపు చూసి, దీనికా నన్ను పిలిచిందని నవ్వాడు. ఆయన కూడా ఇరుసు మీదికెక్కి, నా పక్కనే వంగి, పానా పళ్లను డబ్బాకు తగిలించాడు.

"ఎడమకే కదన్నా?" అన్నాను.

"బోరు పైపులు ఊడదీసినోనికి నువ్వు చెప్పేదేమప్పా. పట్టు."

ఇద్దరం కలిసి తోశాం. 'కిర్రు'మని శబ్దమొచ్చింది. కదిలింది. అప్పుడు మా ఇద్దరి ఆనందం ఏమని చెప్పను. మళ్లీ తోశాం, మళ్లీ కొంచెం కదిలింది. పానాకు ఇంకో ఇనుప గొట్టం తగిలించి బలం పెంచాం. ఇంకా కొంచెం కదిలింది. మధ్యాహ్నం దాకా అది కదులుతూనే ఉంది. రేకు డబ్బా నలిగిపోయి, సొట్టలు పడి, సంతలో తొక్కిసలాటకు దొరికిన చెంబులా తయారైంది గానీ ఊడి రాలేదు.

నాయన మధ్యలో ఒకసారి వచ్చి, చాలాసేపు చూసి, "కదుల్తాండాదా?" అన్నాడు.

"కదుల్తాండాది నాయనా."

"కదిల్తే రావల్ల కదా. యాల రాదు?"

నేను డిగ్రీ చదివినవాణ్ణి. సమాధానం లేకుండా ఎలా ఉంటాను. వేడికి లోపలి రబ్బరు ఉబ్బి మరను పట్టుకుందని, వదలడానికి టైము తీసుకుంటుందని వివరంగా చెప్పాను. ఓబులేసన్న కూడా తల ఊపాడు. నాయనకు ఏం అర్థమైందో గానీ, విత్తనాల దగ్గరికి వెళ్లిపోయాడు.

భోజనాలు కూడా మానేసి ఆఖరి అస్త్రం తీశాం. పొడుగాటి స్క్రూడ్రైవరును సుత్తితో కొట్టి డబ్బాలోకి ఈ పక్క నుంచి ఆ పక్కకు దించాం. దాన్ని పట్టుకుని తిప్పితే ఎలాంటి ఫిల్టరైనా ఊడాలి. ఇద్దరం తోసేసరికి రేకు చీలిపోయింది. లోపలున్న ఆయిలు వాకిలంతా కారింది. ఇక పాత ఫిల్టరు పెట్టుకుని నడుపుదామన్నా నడపలేం. ట్రాక్టరు పూర్తిగా పడుకుంది.

అప్పుడు తోలింది పడమటి గాలి.

ఊళ్లో ఇంకెవరి ట్రాక్టరైనా దొరుకుతుందేమోనని నాయన వీధులన్నీ తిరిగొచ్చాడు. అందరివీ రాబోయే రెండు మూడు రోజులకు ముందే మాటైపోయాయి. వచ్చి, విత్తనాల మూటల పక్కన అరుగు మీద కూర్చున్నాడు. మందు పట్టించిన విత్తనం తినడానికీ పనికిరాదు, అమ్మడానికీ పనికిరాదు. నేలలో పడాల్సిందే. నాయన నన్ను తిడితే బాగుండేది. తిట్టలేదు. చేలోంచి తెచ్చిన పిడికెడు మట్టిని అరచేతిలో పిసికి, ఆరిందో లేదో చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజులో మొదటిసారి నాకు భయం వేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. కంట్లో ఆయిలు పడిందని ఓబులేసన్నతో చెప్పాను.

వాకిట్లో కారిన ఆయిలు మీద ఎవరైనా జారిపడతారని రాధ చాటలో ఎర్రమన్ను తెచ్చింది. ట్రాక్టరు కింద కూర్చుని, మన్ను చల్లుతూ పైకి చూసింది. పైన మేమిద్దరం చీలిన డబ్బాతో ఇంకా కుస్తీ పడుతున్నాం. కాసేపు చూసి, మెల్లగా అడిగింది.

"ఏమండీ, మీరు తిప్పేది ఇప్పేదానికా, బిగించేదానికా?"

ఓబులేసన్న, నేను ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. ఇంజను సంగతులు ఆడవాళ్లకేం తెలుస్తాయన్న నవ్వు అది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

"నవ్వింది చాలు గానీ, ఒకసారి ఈడికొచ్చి పండుకొని చూడండి," అంది.

దిగి, ఆమె పక్కన మన్నులో వెల్లకిలా పడుకుని చూశాను. ఓబులేసన్నను పైనుంచి తిప్పమన్నాను. ఆయన తిప్పాడు. పైనుంచి చూస్తే ఎడమకు తిరుగుతున్నది, కింది నుంచి చూస్తే శుభ్రంగా కుడికి తిరుగుతోంది. డబ్బా మెడ ఇంజనులోకి ఇంకాస్త బిగిసింది. నేను పొద్దున్నించి ఫిల్టరు ఊడదీయలేదు. ఇద్దరు మగవాళ్ల బలం, మూరెడు పానా, ఇనుప గొట్టం అన్నీ కలిపి, ఏ మెకానిక్కూ బిగించనంత గట్టిగా బిగించాను.

ఓబులేసన్న కూడా కిందికొచ్చి చూశాడు. "బోరుకాడ పైనుంచే కదమ్మా తిప్పేది," అన్నాడు దీనంగా.

"బోరు పైపు పైకొస్తాది అన్నా. ఇది కిందికి రావల్ల," అంది రాధ.

ఇంత చిన్న మాట ఇద్దరు మగవాళ్లకు పొద్దున్నించి తట్టలేదు. మా సీమలో పుట్టినవాడికి తట్టదు కూడా. మేం విప్పేదేదైనా నేలలోంచి పైకి రావాలి. నిలబడి, వంగి, కిందికి చూస్తూ తిప్పడమే మాకు తెలిసిన విద్య. పైనుంచి ఊడి కిందికి వచ్చేది మా ప్రాంతంలో వాన ఒక్కటే. దాన్ని తిప్పే అవసరం మాకెప్పుడూ రాలేదు.

ఇక ఇక్కణ్ణుంచి నా ప్రతాపం వినండి. డబ్బా చీలిపోయినా, మెడ దగ్గరి మందపాటి అంచు మిగిలే ఉంది. నేను వెల్లకిలా పడుకుని ఆ అంచుకు ఉలి ఆనించాను. ఎటు కొట్టాలో రాధ వేలితో చూపించింది. సుత్తితో కొట్టాను. ఒక దెబ్బ, రెండు, పది, ఇరవై. మేం చేసిన పనికి అది అంత తేలిగ్గా వదులుతుందా. సుత్తి వేలి మీద పడింది, ఉలి జారి మోచెయ్యి గీసుకుపోయింది, అయినా ఆపలేదు. పొద్దు వాలుతుండగా అంచు కదిలింది. ఈసారి మేమెవరం సంబరపడలేదు. ముగ్గురం ముందు రాధ వైపు చూశాం. నాయన కూడా అరుగు దిగి వచ్చాడు లెండి.

"వదులైతాంది," అంది రాధ.

వదులైంది. ఊడింది. ఊడినది, లోపల మిగిలిన ఆయిలుతో సహా నా మొహం మీద పడింది. తుడుచుకోకుండానే కొత్త ఫిల్టరు తెప్పించుకుని, రబ్బరుకు ఆయిలు రాసి, పడుకునే, చేత్తోనే బిగించాను. పానా ఇస్తానన్న ఓబులేసన్నను రాధ వెనక్కి పంపింది. కింది బోల్టు బిగించి, కొత్త ఆయిలు పోసి తాళం తిప్పితే ఇంజను ఒక్కసారికే అందుకుంది. ఆ శబ్దానికి నాయన మొహంలో వచ్చిన వెలుగు చూసి, పొద్దున్నించి నేను చేసింది మహా గొప్ప పనేనని నాకు మళ్లీ అనిపించడం మొదలైంది.

మరునాడు తెల్లవారకముందే చేలో ఉన్నాం. ఎర్రమట్టి ఇంకా చల్లగా, చేతికి అంటుకునేలా ఉంది. గాలి పూర్తిగా ఆర్చేలోపలే అందుకున్నాం. ట్రాక్టరు మీద నేను కూర్చున్నాను, రాజులాగే కూర్చున్నాను. మా ఇంట్లో మంచి చెయ్యి ఉన్నవాళ్లు మొదటి పిడికెడు విత్తనం గొర్రులో పోయాలి. ఏటా ఆ మర్యాద నాదే. కాబట్టి ఇంజను ఆపి, దిగి, విత్తనాల మూట దగ్గరికి నడిచి చెయ్యి చాపాను.

నాయన నా చెయ్యి పక్కకు జరిపి, రాధను పిలిచాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని వచ్చి పిడికెడు విత్తనం తీసుకుంది. నా మొహం చూసి జాలి కలిగిందేమో, నాయన నా వీపు మీద చెయ్యి వేసి చెప్పాడు.

"నువ్వొద్దులేప్పా. నువ్వేస్తే మొలక కిందికి పోతాది."

వేరుశనగ కాయ ఎలాగూ కిందికే కదా పోయేదని చెబుదామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ రోజు పొద్దు వాలేలోపే ఆరెకరాలూ విత్తేశాం. పది రోజుల్లో ఆరెకరాల్లోనూ మొలకలు పైకే వచ్చాయి. గట్టు మీద నిలబడి చూస్తుంటే, ఆ పంట నిలబెట్టిన ఆమె నా భార్య అని ఊరంతా కేకేసి చెప్పాలనిపించింది. చెప్పాను కూడా. దాంతో మిగతా కథ కూడా చెప్పాల్సొచ్చింది.

అందువల్ల మీ అందరి ఎదుట, పడమటి గాలి సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నిలబడి ఫిల్టరు విప్పను. ఒకవేళ విప్పినా ఓబులేసన్నను పిలవను. ఒకవేళ పిలిచినా, కదుల్తాండాదని మాత్రం నాయనతో చచ్చినా చెప్పను.