అరచేతి తడి

మార్కెట్ యార్డులో గ్రేడింగ్ సూపర్‌వైజరుగా రిటైరయ్యాక, ఈ ఏడాది ఫిబ్రవరి రెండో వారంలో నల్లపాడు దగ్గరున్న ఒక కోల్డ్ స్టోరేజీలో సీజను గ్రేడరుగా చేరాను. ఎండుమిరప బస్తాలను మా వైపు టిక్కీలంటారు. రైతు తెచ్చిన టిక్కీలు లోపల పెట్టదగినవో కావో తేల్చడం నా పని. తేమ ఉన్న కాయ చలిగదిలోకి వెళితే బూజు పడుతుంది, పక్కవాళ్ల సరుకునూ చెడగొడుతుంది. తేమ కొలిచే మీటరు ఉండేది గాని, మా దగ్గర ఇప్పటికీ చేతి తీర్పే చెల్లుతుంది. గ్రేడరు టిక్కీ మూతి విప్పి, గుప్పెడు కాయ పిడికిట్లో నొక్కి చూస్తాడు, చెవి దగ్గర ఆడిస్తాడు, తుంచి వాసన పడతాడు. హమాలీలంతా మూతికి తువ్వాలు చుట్టుకుంటారు. గ్రేడరు చుట్టుకోడు. చుట్టుకుంటే బూజు వాసన తెలియదు.

నాకు షుగరు చాలా ఏళ్లుగా ఉంది. రాత్రికి ఒక ఇన్సులిన్ సూది, భోజనాలకు ముందు వేరే సూది. సబ్బుతో ఎంత కడిగినా గ్రేడరు వేళ్లకు మిరప ఘాటు పోదు. ఆ వేళ్లతో పొట్ట మీది చర్మం పట్టుకుని సూది వేసుకుంటే సాయంత్రం దాకా మంట. సీజనులో మధ్యాహ్నం సూది ఎగ్గొట్టిన రోజులు నా డైరీల్లో తక్కువేం కాదు. ఈ సంగతి విని గుంటూరులో మా డాక్టరమ్మ, భోజనాల ముందు సూదికి బదులు నోటితో పీల్చే ఇన్సులిన్ ఒకటి ఉందని చెప్పారు. ఉబ్బసం ఉందా, పొగ తాగుతారా అని అడిగారు. గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల బలం చూశాకే మందు రాశారు. రాత్రి సూది మాత్రం మానకూడదన్నారు, పీల్చేటప్పుడు మిరప దుమ్ముకు దూరంగా ఉండాలన్నారు.

పరికరం ఈల అంత ఉంటుంది. పొడి మందున్న చిన్న కార్ట్రిడ్జ్ అందులో పెట్టి, అన్నం ముందు కూర్చుని, ఒక్క దమ్ములో లోపలికి పీల్చాలి. సూది మందు కంటే త్వరగా అందుకుంటుంది. మొదటి వారాలు హాయిగా గడిచాయి. పొట్ట మీద మంట లేదు, మధ్యాహ్నం మందు ఎగ్గొట్టిన రోజూ లేదు. పీల్చగానే కాస్త దగ్గు వచ్చేది, అంతే. హమాలీల మేస్త్రీ మస్తాన్ అది చూసి, "ఇక్కడ అందరం ఊరికే దగ్గుతుంటే మీరు డబ్బులు పెట్టి దగ్గుతున్నారేంది సార్" అనేవాడు. గొంతు పట్టకుండా హమాలీలు బుగ్గన బెల్లం ముక్క పెట్టుకుంటారు. మస్తాన్ అలవాటు కొద్దీ నాకూ ఒక ముక్క ఇవ్వబోయి, గుర్తొచ్చి వెనక్కి తీసుకునేవాడు.

మార్చి మొదట్లో ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. వాన పడేలోపు సరుకు లోపలికి చేర్చాలని అందరూ తొందరలో ఉన్నారు. ఆఫీసు గది తలుపు తీసే ఉంది, బయట వసారా ఊడుస్తున్నారు. నేను క్యారేజీ విప్పి మందు పీల్చాను. వెంటనే కళ్లలో నీళ్లు తిరిగేంత దగ్గు వచ్చింది. మా పనిలో దగ్గు వచ్చిందంటే లోపలికి పోయిన ఘాటు బయటికి వచ్చేసినట్టే లెక్క. మందూ అలాగే వచ్చేసిందనుకుని ఇంకో కార్ట్రిడ్జ్ పీల్చాను. రెండు ముద్దలు తిన్నానో లేదో, గేటు దగ్గర ట్రాక్టరు హారను మోగింది. క్యారేజీ మూసి లేచాను.

వచ్చినావిడ కోటేశ్వరమ్మ, అద్దంకి వైపు కౌలు రైతు. ఆ ఏటి పంటంతా ఆ ట్రాక్టరులోనే ఉంది. టిక్కీలు దించి వరసలో పెట్టేసరికి అరగంట పట్టింది. మొదటి టిక్కీలో చేయి పెట్టాను. చల్లగా, మెత్తగా తగిలింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. తేమ ఉంది, తీసుకోవడం కుదరదని చెప్పాను. ఆ మబ్బులో మళ్లీ ఆరబోయడం జరిగే పని కాదు. సరుకు తిరగ్గొడితే గేటు బయట కాచుకున్న వ్యాపారి అడిగిన ధరకు ఇచ్చేయాల్సిందే. అతను అప్పుడే నడుచుకుంటూ లోపలికి వస్తున్నాడు.

కోటేశ్వరమ్మ గుప్పెడు కాయ తీసి నా చెవి దగ్గర ఆడించింది. "కాయ గలగలమంటుంటే ఇనపట్లేదా అయ్యా? పది రోజులు కల్లంలో నేనే తిరగేశా. తడి ఎక్కణ్ణుంచి వచ్చిద్ది?"

గింజ నిజంగానే గలగలమంటోంది. తడి కాయలో గింజ ఆడదు. చేయి ఒకటి చెబుతోంది, చెవి ఇంకొకటి చెబుతోంది. ఇలాంటప్పుడు మా పద్ధతి ఒకటుంది: ఇదివరకే తేల్చిన సరుకును మళ్లీ పట్టుకుని చూడాలి. పొద్దున పొడి అని నేనే రాసి లోపలికి పంపబోతున్న టిక్కీలు గోడ వార ఉన్నాయి. వెళ్లి ఒకదానిలో చేయి పెట్టాను. అదీ తడిగానే తగిలింది.

అప్పుడు అరచేయి తిప్పి చూసుకున్నాను. చెమటతో మెరుస్తోంది. వేళ్లు వణుకుతున్నాయి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. మబ్బు ఉక్క అనుకున్నాను ఇందాకటి నుంచీ. సంచిలోంచి గ్లూకోమీటరు తీశాను. ఘాటు వేలికి సూది గుచ్చితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. షుగరు బాగా పడిపోయింది. నేను కూర్చుండిపోయి చేయి చాపితే మస్తాన్ తన బెల్లం మొత్తం అందులో పెట్టాడు. "ఇన్నాళ్లూ ఒద్దని, ఇయ్యాల ఉన్నదంతా లాక్కున్నారు" అన్నాడు.

పావుగంట తర్వాత మళ్లీ చూస్తే షుగరు లేచింది. మిగిలిన అన్నం తిన్నాను. చేయి తుడుచుకుని, ఆరనిచ్చి, కోటేశ్వరమ్మ టిక్కీలు మొదటి నుంచీ పట్టాను. ఒక్కదానిలోనూ తేమ లేదు. పొడి అని రాసి సంతకం పెట్టి, జరిగింది ఆమెకు చెప్పాను. ఆమె రసీదు కొంగున ముడేసుకుంటూ, "తడిసింది నువ్వయ్యా, నా కాయ కాదు" అంది. వాన మొదలయ్యేసరికి ఆఖరి టిక్కీ లోపలికి వెళ్లింది.

తర్వాత డాక్టరమ్మకు చెబితే, దగ్గు వచ్చినా ఇంకో మోతాదు పీల్చకూడదని, గంటాగి షుగరు చూసుకోవాలని అన్నారు. పళ్లెంలో అన్నం పెట్టుకుని, తలుపు మూశాకే మందు తీయాలని ఇంకోసారి గట్టిగా చెప్పారు. అప్పటి నుంచి సీజను ముగిసేదాకా, మధ్యాహ్నం భోజనం తర్వాత రైతు సరుకు ముట్టేముందు, పొద్దున తేల్చిన టిక్కీని ఒకసారి పట్టుకుని చూసేవాణ్ణి. దగ్గు వచ్చినంత మాత్రాన మందు బయటికి పోయినట్టు కాదు. చేతికి తగిలిన తడి కాయదో, చేతిదో తేల్చుకోకుండా తీర్పు చెప్పకూడదు.