కిత్తలి పొర

మా పెద్దమ్మ యూఫ్రోసినా పదకొండేళ్లు కంటికి రెప్పలా పెంచిన కిత్తలి మొక్కలు ఏడు. త్లాష్కాలా కొండల్లో మాకు కిత్తలే కూడు. తల్లి మొక్క పక్కన మొలిచిన పిలకను తీసి, నెల రోజులు ఎండలో వాడ్చి, రాళ్లు ఏరిన గట్టు మీద నాటాలి. పూలకాడ లేవబోయే ముందు మొక్క గుండె కోసి గుంట చేస్తే, అందులో రెండు పూటలా తియ్యటి నీరు ఊరుతుంది. అది పులిస్తే కల్లు. పెద్దమ్మ ఆ కల్లు అమ్ముకునే బతికేది. వచ్చే నెల ఆ ఏడింటినీ కోయాలి.

ఈలోగా ఆమెకు మోకాలు వాచింది. పక్క చేను ఇలారియోది. పెద్దమ్మ కొడుక్కి బాప్తిస్మం వేళ తండ్రి వరసన నిలిచిన జ్ఞానతండ్రి ఆయన. ఆ బంధం కలిస్తే మా ఊళ్లో చచ్చేదాకా "మీరు" అనుకోవాలి, ఒక్క మాట తూలకూడదు.

"నా మొక్కల్ని కాస్త కనిపెట్టుకుని ఉండండి, అన్నగారూ," అంది పెద్దమ్మ.

"అంతగా చెప్పాలా చెల్లెమ్మగారూ? మీవైతేనేం, నావైతేనేం."

మూడు వారాలకు ఆయన కూతురి పదిహేనో ఏటి పండగ. పెద్దమ్మను ముందు వరసలో కూర్చోబెట్టారు. కిత్తలి ఆకు మీంచి ఒలిచిన పల్చటి పొరలో మూటకట్టి ఆవిరి మీద ఉడికించిన మేకమాంసం వడ్డించారు. రెండు ముద్దలు తిన్నాక ఆమె చెయ్యి ఆగిపోయింది. పొర మీద ముల్లుతో గీసిన మూడు గీతల మచ్చ. దొంగల భయంతో ప్రతి ఆకు మీదా ఆమె గీసుకున్న గుర్తు అది.

కుంటుకుంటూ చేనుకెళ్లింది, వెనకే నేను. ఏడు మొక్కలకూ లేత ఆకులతో సహా పొర ఒలిచేశారు. ఇక అవి ఎండిపోవడమే. పెద్దమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది. నాకైతే ఒళ్లు మండిపోయింది.

పండగ ఇంటికి తిరిగి వచ్చేసరికి ఇలారియో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఆకులేగా చెల్లెమ్మగారూ, మళ్లీ వస్తాయి. బజార్లో పొర దొరికి చావలేదు."

"ఆ పక్క గట్టు మీద రోసెందోవి నలభై మొక్కలున్నాయి కదండీ," అంది పెద్దమ్మ నెమ్మదిగా. "వాటి జోలికి పోలేదేం?"

ఆయన లోపలికి వెళ్లబోయాడు.

"వాడైతే కొడవలి పట్టుకుని వస్తాడు. నేను మిమ్మల్ని దొంగ అని కూడా అనలేను. అది తెలిసే నా చేలోకి వచ్చారు, అన్నగారూ."