లప్పం మీద కలువలు

లప్పం వదిన కలువల మడుగు గట్టున కూర్చుని, బొమ్మ వేయాల్సిన చెక్కను ఒళ్లో పెట్టుకుని ఎమరీ కాగితంతో గరగరా రుద్దుతోంది. ఇంట్లో రెండుసార్లు ప్రైమరు పూసి ఆరబెట్టి తెచ్చిందే, అయినా ఒకచోట వేలికి ముద్ద తగిలింది. సంచిలో ఇలాంటిదే మరో చెక్క ఉంది, ఇది పాడైతే పనికొస్తుందని.

ఇరవై రెండేళ్లుగా గోడలకు లప్పం పెట్టే పని ఆవిడది, అందుకే ఆ పేరు. ఎంత నున్నగా పెట్టినా మర్నాడు రంగులవాళ్లొచ్చి కప్పేస్తారు. రంగు బాగుందనేవాళ్లే తప్ప, కింద పని బాగుందని అన్నవాడు పుట్టలేదు. ఆ లప్పం కత్తితోనే, ఎవరూ నేర్పకుండా, అక్రిలిక్ రంగులతో పూలు వేయడం పట్టుబడింది. ఇప్పుడు కళ్లాసుపత్రి డాక్టరమ్మ హాల్లోకి కలువల బొమ్మ ఒకటి కావాలంది. వదినా ఆడపడుచులిద్దర్నీ చెరొకటి వేయమంది. నచ్చినది గోడకెక్కుతుంది. మీద ఇంకెవరూ రంగు పూయని పని, తనదంటూ ఒక్కటి, గోడ మీద ఉండాలని వదిన ఆశ.

ఆడపడుచు కత్తి పట్టి ఆర్నెల్లు కాలేదు. నేర్చుకున్నదీ వదిన దగ్గరే.

“ఆ చెక్కని ఇంకెంతసేపు నిమురుతావు వదినా? కొత్తగా పుట్టిన మనవరాలనుకున్నావా?”

“నీ పని నువ్వు చూసుకోవే.”

ఆడపడుచు తెచ్చుకున్నది పాత అల్మారా తలుపు ముక్క. అద్దంలా మెరుస్తోంది. రుద్దలేదు, ప్రైమరు లేదు. దానిమీద రంగు కరవదు, ఆరాక పొరలా ఊడొస్తుంది. చూడగానే వదినకు తెలిసింది. చెప్పకుండా తన చెక్కనే రుద్దుకుంది.

ఎదురుగా చిత్తడి నేలలో, తుంగ మధ్య, కలువలు పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. ఆడపడుచు కత్తి మొనతో తెల్లరంగు ఎత్తి ఒక్క లాగు లాగింది. పూరేకు నీళ్ల మీద తేలుతున్నట్టే వచ్చింది. వదిన తన చెక్క వైపు చూసుకుంది. తన పూలూ బాగానే కుదిరాయి గానీ, గోడకు మేకేసి కొట్టినట్టు బిగుసుకుని ఉన్నాయి. అటు చూసి ఇటు తిరిగేలోపు ఎండకు పళ్లెంలో గులాబీ రంగు తోలు కట్టింది. గీకి పారేసి మళ్లీ కలిపింది. మళ్లీ అటే చూసింది. ఈలోగా కలువలు ముడుచుకోవడం మొదలెట్టాయి. చివరి రెండూ గుర్తున్నంత మేరకే వేసింది.

“నీ అంత శుభ్రంగా నాకు రాదు వదినా.”

“చాల్లే. ఎదురుగా పొగిడి, వెనక్కెళ్లి నవ్వుకో.”

నాలుగో రోజు ఆసుపత్రికి వెళ్లేముందు ఆడపడుచు తన బొమ్మతో వదినింటికొచ్చింది.

“ఈ మూల కాస్త లేచింది. కొంచెం జిగురు రాస్తే చాలా?”

‘చాలు’ అంటే అయిపోయేది. నెల తిరక్కుండా అది ఊడి నేల మీద పడుతుంది, ఆ మేకుకు తన బొమ్మ ఎక్కుతుంది. వదిన నోరు తెరిచింది కూడా. కానీ వేలు అప్పటికే ఆ మూల కిందికి వెళ్లింది. ఊడిపోయే పనిని గడప దాటించడం ఆ చేతులకు అలవాటు లేదు.

“కూర్చో. గట్టిగా ఊపిరి కూడా తీయకు.”

లప్పం కత్తిని పడుకోబెట్టి తోసింది. పూలూ ఆకులూ నీళ్లూ పల్చటి పొరగా ఒక్కముక్కలో లేచాయి. సంచిలోని రెండో చెక్కకు తెల్ల జిగురు సమంగా పూసింది.

“నీకు ముందే తెలుసా వదినా?”

“తెలుసు.”

“మరి చెప్పలేదేం?”

“కుళ్లు.”

ఆడపడుచుకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. “ఇప్పుడు తగ్గిందా?”

“లేదు. ఆ చివర పట్టుకో.”

జిగురు ఆరాక, సాయంత్రం రెండు బొమ్మలూ ఆసుపత్రి హాల్లో గోడకు ఆనించారు. డాక్టరమ్మ అట్టే ఆలోచించలేదు. ఆడపడుచు బొమ్మనే చూపించి, “ఇది” అంది.

మళ్లీ తన పని అడుగునే, పైన ఇంకొకరి రంగు. వదిన తన బొమ్మను సంచిలో పెట్టుకుని, సుత్తి తీసింది. మేకు తనే కొట్టి, బొమ్మ తగిలించి, వంకర సరిచేసింది. నాలుగు మూలల్నీ గోటితో లేపి చూసింది. ఒక్కటీ లేవలేదు.

“అయిపోయింది డాక్టరమ్మగారూ. ఇంక ఊడదు, చూసుకోండి.”