గిన్నె ఖాళీగా వెళ్ళకూడదు: అల్ అహ్సాలో ఒక గురువారం

మా వాళ్ళ దృష్టిలో నేను సౌదీలో నాలుగు గోడల మధ్య మగ్గిపోతున్నాను. శుక్రవారం కాకినాడకి ఫోన్ చేస్తే అమ్మ మొదటి మాటే "ఏడ్చావా?" అని. జలుబు చేసిందంటే నమ్మదు. నవ్వితే, "పిచ్చిపిల్ల, పైకి ధైర్యం నటిస్తోందే" అని పక్కనున్న అక్కతో అనడం నాకు వినబడుతూనే ఉంటుంది. ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా వేసుకుని దిగిన ఫోటో ఒకటి సరదాగా పంపిస్తే అక్క దాన్ని వీధంతా తిప్పి, నా పేరు మీద బోలెడంత జాలి పోగుచేసింది. నాన్న ఇంకో అడుగు ముందుకేసి, తెలిసిన డిగ్రీ కాలేజీలో మ్యాథ్స్ లెక్చరర్ పోస్టుకి నా పేరు చెప్పి, "జూన్‌లో చేరుతుంది" అని మాట కూడా ఇచ్చేశారు. నన్ను అడగలేదు. ఖైదీని విడిపించేటప్పుడు అడుగుతారా మరి!

అబద్ధమెందుకు, ఆ ఉద్యోగం మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. ఎమ్మెస్సీ చదివి రెండేళ్ళుగా సుద్దముక్క పట్టుకోలేదు. కానీ మా ఆయన శ్రీధర్ ప్రాజెక్టు ఇక్కడ ఇంకో మూడేళ్ళుంది. నేను వెళ్తే ఆయన ఫ్లాట్ వదిలేసి బ్రహ్మచారుల గదికి మారాలి. అవునో కాదో ఈ శుక్రవారం చెప్పాలి. బుధవారం మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన శ్రీధర్ నా మొహం చూసి, "ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే నీకు గోడలే కనబడతాయి. రేపు రైలెక్కుదాం, అల్ అహ్సా చూద్దాం" అన్నారు. ఇక్కడ వారాంతపు సెలవు గురు, శుక్రవారాలు. మామూలుగా గురువారం సాయంత్రం మా ఖోబర్ తెలుగు కుటుంబాలు నాలుగూ ఎవరో ఒకరింట్లో చేరతాం. మగవాళ్ళు హాల్లో క్రికెట్, ఆడవాళ్ళం పడగ్గదిలో మంచం మీద కబుర్లు. ఈ ఊరి పద్ధతి ఎవరూ చెప్పకుండానే మాకూ అంటుకుంది. శుక్రవారం పొద్దున్న చేపల మార్కెట్, సాయంత్రం సముద్రపు ఒడ్డున నడక. ఈ వారం ఆ వంతు మానేసి, పులిహోర కలిపి, జంతికలు, అమ్మ పంపిన ఆవకాయ సర్దుకున్నాను.

ఖోబర్ నుంచి దమ్మామ్ స్టేషన్‌కి టాక్సీలో అరగంట. రియాద్ వెళ్ళే పొద్దుటి రైలు ఎక్కితే గంటన్నరలోపే అల్ అహ్సాలోని హుఫూఫ్‌లో దిగొచ్చు. రెండో తరగతి టికెట్ తలా ఇరవై రియాళ్ళ లోపే. కుటుంబాలకి వేరే పెట్టె ఉంటుంది, సీట్లు మెత్తగా ఉంటాయి, టీ తెచ్చిస్తారు. కిటికీలోంచి చూడ్డానికి ఇసుక, ఆ ఇసుకలో పైపులైన్లు, అక్కడక్కడ ఒంటెలు. ఇంతేనా అనుకుంటుండగా ఉన్నట్టుండి పచ్చదనం మొదలవుతుంది. కంటి చూపు ఆనినంత మేరా ఖర్జూరపు తోటలే. కోనసీమ కొబ్బరితోటల పక్కన పెరిగినదాన్ని, కిటికీకి అతుక్కుపోయాను.

స్టేషన్ బయట పెషావర్ నుంచి వచ్చిన డ్రైవర్ ఖాన్ భాయ్ దొరికాడు. సాయంత్రం దాకా తిప్పడానికి నూటయాభై అడిగి, శ్రీధర్ హిందీ విని వంద దగ్గర ఆగాడు. "భాభీ, ముందు కొండ చూడండి. ఎండెక్కాక మీరే కొండలో కాపురం పెడతామంటారు" అన్నాడు. ఆ మాట నిజమే. ఖారా కొండ పైకి చూస్తే మామూలు మట్టిదిబ్బ. లోపల మాత్రం మనిషి పట్టేంత సందులు, రెండు పక్కలా నిట్టనిలువు గోడలు, ఏసీ వేసినట్టు చల్లగాలి. బయట మండిపోతుంటే లోపల నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

మధ్యాహ్నం ఖాన్ భాయ్ మమ్మల్ని కొండ దగ్గరి తోటలో దింపాడు. అక్కడ కుటుంబాలు చెట్ల కింద తివాచీలు పరుచుకుని, చుట్టూ గుడ్డ కట్టుకుని భోజనాలు చేస్తున్నాయి. మేమూ దుప్పటి పరిచాం. కూర్చుని ఐదు నిమిషాలు కాలేదు, పక్క గుడారంలోంచి ఒక పెద్దాయన తెల్లటి జుబ్బాలో వచ్చి, నా వైపు కన్నెత్తి చూడకుండా, నీలం పువ్వుల పింగాణీ గిన్నె శ్రీధర్ ముందు పెట్టి వెళ్ళిపోయాడు. ఖర్జూరం కలిపి కాల్చిన ఎర్రటి రొట్టె, ఇంకా వేడిగా ఉంది. పక్కన దిగినవాళ్ళకి పెట్టకుండా తినరట ఇక్కడ.

రొట్టె తిన్నాం. గిన్నె కడిగాను. ఖాళీ గిన్నె తిరిగి ఎలా ఇస్తాం? పులిహోర నింపి శ్రీధర్ చేత పంపాను. పది నిమిషాల్లో అదే గిన్నె, ఈసారి మాంసం వేసి వండిన ఎర్రబియ్యం అన్నంతో తిరిగొచ్చింది. జంతికలు పంపాను. ఖర్జూరాలొచ్చాయి.

"ఇక ఆపు తల్లీ" అన్నారు శ్రీధర్. "మన సంచిలో ఆవకాయ తప్ప ఇంకేం లేదు. ఖాళీగా ఇచ్చేసి వస్తాను."

"ఖాళీగానా? మా అమ్మకి తెలిస్తే ఇంకేమైనా ఉందా?"

"మీ అమ్మ కాకినాడలో ఉంది."

"ఆవకాయ ఇక్కడే ఉంది కదా" అని గిన్నె నిండా పెట్టిచ్చాను.

కాసేపటికి గుడ్డ వెనక పెద్ద దగ్గు. ఆ తర్వాత ఇంకో దగ్గు. శ్రీధర్ మొహం పాలిపోయింది. "చంపేశావే ఎవర్నో!" అంటుండగానే ఆడవాళ్ళ నవ్వులు పకపకా వినబడ్డాయి. గుడ్డ చివర పట్టుకుని ఒక చెయ్యి బయటికొచ్చి నన్ను రమ్మంది.

లోపల ముసుగు తీసేసి కూర్చున్నారు అత్తా కోడలూ. కోడలికి ముప్పై ఏళ్ళుంటాయేమో. ముక్కు ఎర్రబడి, కళ్ళల్లో నీళ్ళు, చేతిలో మాత్రం ఇంకో మామిడి ముక్క. పేరు అమల్. ఇంగ్లీషు టీచరట, ఇద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం.

"మీరు ఎప్పుడు ఆపుతారని మా అత్త అడుగుతోంది" అంది.

"మొదలుపెట్టింది మీరు కదా, మీరే ఆపాలి."

"మా ఇంట్లో ఖాళీ గిన్నె పంపరు."

"మా ఇంట్లోనూ పంపరు."

ఆ మాట అమల్ అరబ్బీలో చెప్పగానే అత్తగారు తొడ చరుచుకుని నవ్వి, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. అమల్ రోజూ తెల్లవారకముందే ఇంకో ముగ్గురు టీచర్లతో కలిసి వ్యాన్ మాట్లాడుకుని ఎడారిలో ఎక్కడో ఉన్న బడికి వెళ్తుందట. దారంతా నిద్రపోయేది ఒకామె, పాఠం రాసుకునేది ఒకామె, అందర్నీ నవ్వించేది తనట. నేను లెక్కలు చదివానంటే, "మరి చెప్పకుండా ఎలా ఉండగలుగుతున్నావు? మీ ఇండియా పిల్లల బడులున్నాయిగా దమ్మామ్ వైపు" అని నిలదీసింది. అబాయా గురించి అడగలేదు. పాపం అనలేదు. ఆవకాయలో నూనె ఏమిటి, ఎన్నాళ్ళు ఊరాలి, ఇవి అడిగింది. "మీ ఇల్లెక్కడ?" అంటే చెప్పాను. అంతలో సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినబడింది. వాళ్ళు లేస్తూ గిన్నెలో మళ్ళీ ఖర్జూరాలు నింపి నా చేతిలో పెట్టారు. "వచ్చే నెల మొదటి గురువారం మేము ఇక్కడే ఉంటాం. అప్పుడు తెచ్చివ్వు" అంది అమల్.

తిరుగు రైల్లో శ్రీధర్, "రేపు మీ నాన్నగారికి ఏం చెప్తావు?" అని మెల్లిగా అడిగి, జవాబు వినకుండానే కిటికీ వైపు తిరిగారు. నన్ను ఆపకూడదని ఆయన తాపత్రయం. అప్పుడు గుర్తొచ్చింది, ఇల్లెక్కడ అని అమల్ అడిగితే నేను ఖోబర్ అని చెప్పాను. ఆలోచించకుండా చెప్పాను.

ఈ దేశంలో నాకు విసుగు పుట్టించేవి చాలానే ఉన్నాయి. కూరగాయలకి వెళ్ళాలన్నా ఆయన వచ్చేదాకా ఎదురుచూడాలి. మధ్యాహ్నాలు సాగవు. అయినా నాలుగు కుటుంబాల కబుర్లు, సముద్రపు గాలి, తడవకో ఊరు చూపించే మనిషి, ముక్కూమొహం తెలియకుండానే అన్నం పంపినవాళ్ళు, ఇవన్నీ నాకు దొరికాయి. దొరికినవాటిని దొరికాయనే చెప్పుకోవాలి. మీరెవరైనా అల్ అహ్సా వెళ్తే ఒక్క మాట: తోటలో దిగేముందే నీళ్ళు, సరుకులు కొనుక్కోండి, నమాజు వేళ కొట్లు మూసేస్తారు. తినేవి మీకు కావలసినదానికి రెట్టింపు పట్టుకెళ్ళండి.

శుక్రవారం ఫోన్ చేశాను. అమ్మ ఏడ్చావా అని అడిగింది. నాన్నకివ్వమన్నాను. "నాన్నా, ఆ ఉద్యోగంలో నేను చేరడం లేదు. ఇక్కడి ఇండియన్ స్కూల్లో దరఖాస్తు ఇస్తున్నాను. కాలేజీవాళ్ళకి చెప్పేయండి" అన్నాను. అమ్మని ఇంకో సీసా ఆవకాయ పంపమన్నాను.