ఎడారిలో చెంబు నీళ్ళు

మొన్న మా చిన్నమ్మాయి సుచిత్ర కూడలి దగ్గరి షోరూములో కొత్త కారు కొని మేడ్చల్‌లోని మా ఇంటికి తెచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బకెట్టు నిండా నీళ్ళు ముందు కుమ్మరించబోతుంటే నా చేయి నాకు తెలియకుండానే అడ్డం వెళ్ళింది. ఎందుకని అడిగింది పిల్ల. చెప్పాలంటే మా బావ సంగతి చెప్పాలి.

బావ లారీ నడిపేవాడు. నేను చదువు మధ్యలో ఆపేసిన రోజుల్లో, కుత్బుల్లాపూర్ కార్ఖానాలో తయారైన యంత్రమొకటి రాజస్థాన్ ఎడారి అవతలి ఊరికి చేర్చే పని పడితే, తోడుగా నన్నూ తీసుకెళ్ళాడు. డీజిలు ఎందాకా వస్తుంది, చీకటి పడేలోగా ఎక్కడికి చేరతాం అని నోటిలెక్క వేయడం నా పని. అది తప్పినప్పుడల్లా వెక్కిరించడం ఆయన పని. బయలుదేరేటప్పుడు అక్క లారీ ముందు చెంబు నీళ్ళు పోసి, రోజూ పొద్దున ఇలాగే పోసి కదలమని బావ దగ్గర మాట తీసుకుంది. వాకిట్లో సాన్పి, అదే కళ్ళాపి, చల్లనిదే మా ఇళ్ళలో పొద్దు మొదలవదు కదా, బండికీ అంతేనని ఆమె నమ్మకం.

ఎడారి మొదలయ్యాక ఊళ్ళు పలచబడ్డాయి. ఎండిపోయిన శామీర్‌పేట చెరువును ఆకాశం అంచు దాకా పరిచినట్టు ఎటు చూసినా ఇసుక, అక్కడక్కడా ముళ్ళపొదలు. మా దగ్గర మిగిలింది ఒక్క క్యాను నీళ్ళు. ఆ పొద్దున కూడా బావ చెంబు నింపుతుంటే వద్దన్నాను.

“నీ లెక్కలు పక్కకు వెట్టు బామ్మర్దీ. మీ అక్కకు మాటిచ్చిన. తప్పితే ఇంట్ల బువ్వ దొరకది” అని నవ్వుతూ ఇసుకలో పోశాడు. చూస్తుండగానే తడి మాయమైంది.

మధ్యాహ్నం రేడియేటరు పైపు పగిలింది. గుడ్డ చుట్టి బిగించాడు గాని, క్యానులోవన్నీ పోసినా నీళ్ళు చాలలేదు. గొంతులో వేసుకోవడానికి చుక్క లేదు, మరో బండి జాడ లేదు. బావ నవ్వడం మానేశాడు.

పొద్దు వాలుతుండగా తలమీద కుండతో ఒక ముసలామె ఇసుకతిన్నె దిగి వచ్చింది. బావ తనకొచ్చిన హిందీలో ఇంజనుకు నీళ్ళడిగాడు. ఆమె ఇంజను వైపు చూడనే లేదు. ముందు మా ఇద్దరి దోసిళ్ళలో పోసి, మేము తాగేదాకా నిలబడి, ఆ తర్వాతే కుండ బావ చేతికిచ్చింది. ఇంటికి ఆమె ఏం తీసుకెళ్ళిందో లెక్క వేయడానికి నాకు మనసు రాలేదు. ఆ రాత్రి లారీని తన గుడిసె ముందు ఆపించి, అక్కడే మమ్మల్ని పడుకోమంది.

తెల్లవారి, దూరపు బావి నుంచి తెచ్చిన నీళ్ళతో మా క్యాను కూడా నింపింది. బావ అలవాటుగా చెంబు పట్టుకుని లారీ ముందుకు వెళ్ళాడు. ఆమె చూస్తూ నిలబడింది, అంతే. ఆయన చేయి ఆగిపోయింది.

“గీ అవ్వ ముంగట ఎట్ల పొయ్యాలెరా?”

మూడు వేళ్ళు తడిపి చక్రానికి అద్ది, మిగతావి మళ్ళీ క్యానులో పోశాడు. అక్క మాట తప్పానని తిరుగుదారంతా ఒకటే పరేషాన్. ఇంటికొచ్చి చెబితే అక్క, “గా అవ్వకు తాగనీకె మిగిలినయా మరి?” అని మాత్రం అడిగింది. మరుసటి ప్రయాణానికి చెంబులో మూడు వేళ్ళు ముంచి చక్రానికి అద్దింది ఆమే.

బావ పోయి చాలా ఏళ్ళయింది. మా సందులో బోర్లు ఎండిపోయాయి, ట్యాంకరు దారి పొడవునా నీళ్ళు కారుస్తూ వస్తుంది. దూరాలు ఫోనే చెబుతుంది కనుక నా లెక్కలతో ఎవరికీ పని లేదు. ఇదంతా విన్న పిల్ల బకెట్టు పక్కన పెట్టి, మూడు వేళ్ళు తడిపి కొత్త చక్రానికి అద్దింది. కారులో సీటుకో నీళ్ళ సీసా ఉంది. దారిలో ఎవరినీ నీళ్ళడగాల్సిన అవసరం దానికి రాదు, మంచిదే. కాని అడగని వాళ్ళకు అలాంటి అవ్వ ఎక్కడ ఎదురవుతుంది?