బోర్లించిన గ్లాసు

1980లో, కువైట్ దేశంలో, బ్నీద్ అల్ గార్‌లోని ఓ మూడో అంతస్తు ఫ్లాటులో వంటపనికి కుదిరింది కోనసీమ బుల్లెమ్మ. యజమానురాలు లొరెటా మేడం అమెరికా నుంచి వచ్చి బడిలో పాఠాలు చెబుతోంది. నల్లజాతి మనిషి, నలభైకి దగ్గరపడింది, ఒంటరి. బుల్లెమ్మకు ముప్పై. నోరు పెద్దదే గానీ, పెద్దవాళ్ల ఎదుట కుర్చీలో కూర్చోమంటే కాళ్లూ చేతులూ ఆడవు.

చేరిన రోజే తనకని ఒక గ్లాసు విడిగా తీసుకుంది. టీ తాగడం, కడగడం, వంటింటి కిటికీ గట్టు మీద బోర్లించడం. ఊళ్లో టీ కొట్టు దగ్గర, అంటరానివాళ్లని, బుల్లెమ్మ పేటవాళ్ల గ్లాసులు వెనకగోడ మీద అలాగే ఉంచేవారు. సముద్రం దాటొచ్చినా చేతికి ఆ అలవాటు పోలేదు. ఎవరూ అడక్కుండానే పాటించింది, అదీ ఆవిడ తెలివి!

నెల తిరిగేసరికి మేడం మాట తగ్గించేసింది. ఒకనాడు ఆ గ్లాసు చేతిలోకి తీసుకుని, "నా కప్పుల్లో తాగడం నీకు అసహ్యమా? నేను నల్లదాన్ననా?" అని అడిగింది. ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా ఆ ప్రశ్న బుల్లెమ్మకు సూటిగా తగిలింది.

"అయ్యబాబోయ్! అది కాదండీ, నేను ముట్టుకుంటే మీ కప్పులే మైలపడిపోతాయనండీ!" అని తెలుగులోనే మొత్తుకుంది. తర్వాత వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, చేతి సైగల్లో, ఊళ్లోని గోడ సంగతంతా చెప్పింది.

మేడం ఆ గ్లాసును బల్ల మీద తన కప్పు పక్కన పెట్టింది. ఆపైన తన సంగతి చెప్పింది. పంతొమ్మిదో ఏట, వాళ్ల ఊరి హోటల్లో తెల్లవాళ్లు మాత్రమే కూర్చునే స్టూలు మీద కూర్చుందట. కాఫీ ఇవ్వలేదు. నెత్తిన పంచదార పోశారు, జుట్టు పట్టి లాగారు.

"మీరు కొట్టలేదాండీ?" అంది బుల్లెమ్మ.

"లేదు. హోటలు మూసేదాకా కూర్చున్నాను, అంతే." అలా ఊరూరా కూర్చోగా కూర్చోగా, నాలుగేళ్లకు చట్టమే మారిందట.

ఆ తర్వాత నాలుగేళ్లూ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, ఒకే రకం కప్పుల్లో టీ తాగారు. బుల్లెమ్మ బతుకులో అంత సుఖం ముందూ లేదు, వెనకా లేదు.

1984లో కాంట్రాక్టు అయిపోయి మేడం వెళ్లిపోయింది. ఆవిడ ఇచ్చిన అడ్రసు కాగితాన్ని ఇఖామా, అదే అక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, మార్చుకునే హడావుడిలో బుల్లెమ్మ పోగొట్టుకుంది. కొత్త మామా, అంటే కొత్త యజమానురాలి ఇంట్లో గ్లాసు మళ్లీ వేరయింది. ఈసారి తను పెట్టుకున్నది కాదు, వాళ్లు పెట్టింది.

మరుసటేడు సెలవుకు ఊరెళ్లినప్పుడు, తిన్నగా టీ కొట్టు లోపలి బల్ల మీద కూర్చుంది. కొట్టాయన గోడవైపు చెయ్యి చూపించాడు. "ఇక్కడికే తెండి" అంది. తేలేదు. ఎవరో ఎంగిలి నీళ్లు కాళ్ల మీద ఒలకబోశారు. మధ్యాహ్నం కొట్టు కట్టేసేదాకా అలాగే కూర్చుంది. పక్కన ఎవరూ కూర్చోలేదు.

కువైట్ తిరిగొచ్చాక, శుక్రవారం సెలవు దొరికితే బ్నీద్ అల్ గార్ వెళ్లి ఆ కిటికీ కింద కాసేపు నిలబడుతుంది. పైన ఎవరివో బట్టలు ఆరేసి ఉంటాయి. మేడం ఒక్కసారి కనబడితే చాలుననుకుంటుంది. "కూర్చున్నానండీ మేడం, లేవలేదండీ. టీ మాత్రం ఇవ్వలేదండీ" అని చెప్పాలి. ఆ మాట చెబితే అర్థమయ్యే మనిషి బుల్లెమ్మకు ఈ లోకంలో ఆవిడ ఒక్కతే.