ఒళ్లో స్టీరింగు

ఆ పెద్దాయన పేరు నేను అడగలేదు. నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే బస్సులో, ఒళ్లో పాత కారు స్టీరింగు పెట్టుకుని, నన్ను ఎడమపక్క సీట్లోకి జరగమన్నాడు.

"డ్రైవరు కుడిపక్కన గదమ్మా ఉండాల" అన్నాడు, నవ్వకుండా.

రొయ్యల షెడ్డులో తుప్పుపట్టి పడివున్న ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుదట ఆ స్టీరింగు. ఇంజనూ సీట్లూ ఊడదీసి, ఒట్టి డొల్ల మిగిలేదాకా గీకాడట. ఉప్పుగాలి మళ్లీ తినెయ్యకుండా, పడవకు పూసినట్టే దానికీ చేపనూనె పూశాడట.

"ఇప్పుడు రంగు అంటుకోనంటా ఉండాది. పెయింటరు తిట్టని తిట్టు లేదు. మళ్లీ మొదట్నించి గీకతా ఉండా."

"ఎవరి కోసమండీ ఇంత కష్టం?"

"రెండే సీట్లమ్మా దాంట్లో. సముద్రం కాడికి తీసకపొమ్మని మా ఇంటామె అడగతా ఉండేది. పోయిన వానల్లో కాలం చేసింది."

బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఒళ్లోని స్టీరింగు కూడా మెల్లగా తిరిగేది. ఇళ్ల సందులోంచి సముద్రం కనబడగానే, ముందుకే చూస్తూ, "అదిగో, వచ్చేసినాం" అన్నాడు.

నాతో అన్న మాట కాదది. అయినా పక్క సీట్లో ఉన్నది నేనే కదా, "ఊఁ" అన్నాను.